రిగ్గు మీద పైవాడు

కింద ఉన్నవాళ్ళంటే లోవరాజుకు లెక్క లేదు. కింద అంటే డబ్బులో కింద అనో, కులంలో కింద అనో కాదు. నిజంగానే కింద. తొంభై అడుగుల కింద.

భీమవరం అవతల చేపల చెరువుల మధ్య, ఊరూరా తిరుగుతూ చమురు కోసం భూమిని తొలిచే రిగ్గు ఒకటి ఆ ఏడాది వచ్చి దిగింది. చుట్టూ నీళ్ళు, గట్ల మీద కొబ్బరిచెట్లు, నడుమ ఇనుప గోపురంలా డెరిక్కు. దాని మెడ దగ్గర, గాల్లోకి చాచిన నాలుకలా, ఒక మనిషి నిలబడే వెడల్పున ఇనుప పలక ఉంటుంది. దాన్ని మంకీ బోర్డు అంటారు. ఆ పేరు పెట్టినవాడు ఎదురుపడితే ఒక్క ప్రశ్న వేయాలని లోవరాజు కోరిక. "కోతి ఎవడండీ? ఎక్కినవాడా, కింద నిలబడి నోరు తెరుచుకుని చూసేవాడా?"

భూమిలోంచి పైపులు బయటికి లాగే రోజుల్లో అతని పని అక్కడే. కింద డ్రిల్లర్ చలపతి బ్రేకు పట్టుకుని యంత్రం నడిపితే, ఎలివేటర్ అనే ఇనుప కొండి పైపు మెడ పట్టుకుని పైకి లేస్తుంది. మూడేసి పైపులు ఒకదాని కొసన ఒకటి బిగిసి ఒక్కటిగా వస్తాయి, తాటిచెట్టు కంటే పొడుగు. కిందవాళ్ళు మర విప్పగానే లోవరాజు నడుముకు బెల్టు ఆసరాగా ముందుకు వాలి, పైపు చుట్టూ తాడు వేసి, కొండి గొళ్ళెం తప్పించి, ఊగే పైపు తలను చంకలోకి లాక్కుని, దువ్వెన పళ్ళలా ఉన్న ఇనుప చువ్వల సందులో నిలబెడతాడు. ఖాళీ కొండి కిందకి పోతుంది. మళ్ళీ ఇంకో పైపును పట్టుకొస్తుంది. ఒక్క గొళ్ళెం తప్పితే కింద ఉన్న నలుగురి తలలు కొబ్బరికాయల్లా పగులుతాయి. ఆ నాలుగు తలల్లో ఒక్కటి కూడా పగలకుండా దాచాల్సినంత విలువైనది కాదని లోవరాజు అభిప్రాయం. అయినా పని కాబట్టి చేసేవాడు.

పైనుంచి అందరినీ చూసేవాడు. చలపతి బ్రేకును పట్టుకునే తీరు అత్తగారి చెయ్యి పట్టుకున్నట్టు ఉంటుందనేవాడు. రిగ్గు ఇన్‌చార్జి ఫణీంద్ర తెల్ల హెల్మెట్టు పెట్టుకుని నిచ్చెన నాలుగో మెట్టు దాకా ఎక్కి, ఫొటో తీయించుకుని దిగిపోయే మనిషి. పక్క చెరువుల ఆసామి వెంకటపతిరాజుగారు రోజూ బుల్లెట్టు మీద వచ్చి, మీ మోతకి నా రొయ్యలు మేత ముట్టడం లేదని కేకలేసేవారు. "రొయ్యకి చెవులెక్కడుంటాయో చూపించమను, మోత ఆపేద్దాం" అని లోవరాజు పైనుంచే అరిచేవాడు. ఇంజన్ల హోరులో ఆయనకు వినపడేది కాదు. వినపడినా లోవరాజుకు ఫరవాలేదు.

వీళ్ళందరికంటే అతనికి బాగా అలుసైనవాడు బుల్లియ్య.

బుల్లియ్యకు యాభై దాటాయి. సొంతూరు కోనసీమలో, అంబాజీపేట దగ్గర; రిగ్గు ఎక్కడ దిగితే అక్కడే ఇల్లు అద్దెకు తీసుకుని భార్యతో ఉండేవాడు. ఒకప్పుడు ఇదే రిగ్గులో టాప్‌మ్యాన్, అంటే ఇప్పుడు లోవరాజు నిలబడుతున్న పలక మీద నిలబడినవాడు. చాలా ఏళ్ళు చేశాడు. ఒకరోజు పని మధ్యలో దిగి వచ్చి, ఇక ఎక్కనని చెప్పాడు. దెబ్బ తగల్లేదు, జారిపడలేదు. ఎందుకని అడిగితే "భయం వేసిందండి" అన్నాడు. అంతే. తొమ్మిదేళ్ళ కిందట ఆ ఖాళీలోకే పెద్దాపురం దగ్గర్నుంచి లోవరాజు వచ్చాడు. అంతకుముందు అతను కరెంటు టవర్లకు రంగులేసే పనిలో ఉండేవాడు. బుల్లియ్యను మట్టినీళ్ళ పంపు దగ్గర వేశారు. బోరులోకి పంపే బురదలో పొడి బస్తాలు విప్పి కలపడం అతని పని.

మగాడు భయం వేస్తే తాగుతాడు, కాలు నొప్పంటాడు, ఇంట్లో చావు అబద్ధం చెబుతాడు. "భయం వేసిందండి" అని నలుగురిలో చెప్పుకుంటాడా! ఆ మాట లోవరాజుకు ఏళ్ళ తరబడి నవ్వు తెప్పించింది. బుల్లియ్యను బాబాయ్ అని పిలిచేవాడు, ఎంత మర్యాద చేస్తే అంత గుచ్చుకుంటుందని తెలిసి మరీ మర్యాద చేసేవాడు.

"బాబాయ్ గారండీ, పైన గాలి చల్లగా ఉందండి. సీసాలో పట్టి పంపమంటారా?"

"ఆయ్" అని ఊకొట్టేవాడు బుల్లియ్య, బస్తా మూతి విప్పుతూ.

"అరుగు మీద కూర్చున్నారు, బెల్టు పెట్టుకున్నారా అండి? కళ్ళు తిరుగుతాయేమో!"

"ఆయ్."

ఏమన్నా ఆ ఒక్క ముక్కే. ఒకసారి బుల్లియ్య భోజనం క్యారేజీని లోవరాజు పైకి పట్టుకుపోయి, మంకీ బోర్డు పక్కన తగిలించాడు. "కావాలంటే వచ్చి తెచ్చుకోండి బాబాయ్ గారూ" అన్నాడు. బుల్లియ్య భార్య పంపిన చింతకాయ చేపల పులుసు అందులో ఉంది. కుర్రాళ్ళు పగలబడి నవ్వారు. ఫణీంద్ర కూడా నవ్వాడు. బుల్లియ్య కొళాయి దగ్గర మంచినీళ్ళు తాగి వచ్చి మళ్ళీ బస్తాలు విప్పాడు. సాయంత్రం క్యారేజీ దిగేసరికి ఎండకి పులుసు చెడి పొంగిపోయి ఉంది. దాన్ని గట్టు మీద కుక్కకి పోసి, గిన్నెలు కడుక్కుని ఇంటికి పోయాడు. చూసినవాళ్ళలో ఒకరిద్దరికి మనసు చివుక్కుమంది. లోవరాజుకు మాత్రం అనిపించలేదు. క్యారేజీ కోసం ఎక్కలేనివాడు దేనికోసం ఎక్కుతాడు అనుకున్నాడు.

కార్తీకం వచ్చింది. సముద్రంలో వాయుగుండం ఉందని రేడియో చెప్పింది. సరిగ్గా అప్పుడే భూమిలో తొలిచే ముక్కు అరిగిపోయింది, దాన్ని మార్చాలంటే పైపులన్నీ బయటికి తీయాలి. గాలి ముదరకముందే అయిపోవాలని ఫణీంద్ర తొందరపెట్టాడు. పొద్దున్నుంచి లాగుతూనే ఉన్నారు. మధ్యాహ్నానికి లోవరాజు పక్కన ఇనుప చువ్వల సందుల్లో పైపులు వెదురు గుబురులా నిండాయి.

గాలి ఉన్నప్పుడు ఒక్కో వరస నిండగానే పైపులన్నిటినీ కలిపి తాడుతో కట్టాలి. పొద్దున ఎక్కబోతుంటే చలపతి గుర్తుచేశాడు. "కట్టు వెయ్యి లోవరాజూ, గాలి తేడాగా ఉంది."

"గాలికి ఊగేవి కొబ్బరాకులండి, పైపులు కాదు. మీరు బ్రేకు చూసుకోండి" అన్నాడు లోవరాజు.

మొదటి వరసలు కట్టాడు. తర్వాత కట్టలేదు. బద్ధకం కాదు. చలపతి చెప్పాడు కాబట్టి కట్టబుద్ధి కాలేదు.

భోజనాల వేళ దాటాక, చెరువుల మీద నీళ్ళు ఒక్కసారిగా నల్లబడ్డాయి. కొబ్బరిచెట్లన్నీ ఒకే వైపు వంగాయి. లోవరాజు అది చూశాడు గానీ గాలి అతన్ని చేరడానికి క్షణం కూడా పట్టలేదు. డెరిక్కు మూలిగింది. చివరి వరసలోని పైపు చువ్వల సందులోంచి ఎగిరి బయటికి దూకి, అతని వైపు వాలింది. అతను బెల్టుతో వెనక్కి తిరిగి తప్పించుకున్నాడు, ఎడమ చెయ్యి తప్పించుకోలేదు. పైపుకీ ఇనుప కమ్మీకీ మధ్య అరచెయ్యి ఇరుక్కుంది.

మొదట నొప్పి తెలియలేదు. చెయ్యి ఎక్కడుందో కళ్ళతో చూశాక తెలిసింది.

అతని అరుపు ఇంజన్ల హోరులో ఎవరికీ వినపడలేదు. కింద చలపతి తల ఎత్తి చూశాడు, గంట కొట్టాడు, యంత్రం ఆపాడు. ఇంజన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆ రిగ్గు వచ్చాక అంత నిశ్శబ్దం అక్కడ ఎప్పుడూ లేదు. గాలి ఒక్కటే ఈల వేస్తోంది. ఈల వేసిన ప్రతిసారీ పైపు కొంచెం ఊగి, చేతిని మళ్ళీ నొక్కుతోంది.

లోవరాజు కిందకి చూశాడు. అందరూ తలలెత్తి నిలబడ్డారు. ఎక్కగలిగిన రెండో టాప్‌మ్యాన్ చెల్లెలి పెళ్ళికి పెనుగొండ వెళ్ళాడు. ఫణీంద్ర భీమవరం ఫైరాఫీసుకు మనిషిని పంపుతున్నాడు. వాళ్ళు వచ్చేలోపల వాయుగుండమే వచ్చేస్తుంది. ఏసుపాదం అనే నేలపని కుర్రాడు నిచ్చెన ఎక్కడం మొదలుపెట్టాడు. సగం దాకా వచ్చాడు. అక్కడ గాలి అతని చొక్కాను తల మీదకి లేపేసరికి, నిచ్చెనను రెండు చేతులా కౌగిలించుకుని ఆగిపోయాడు. పైకీ రాడు, కిందకీ పోడు.

అప్పుడు బుల్లియ్య పంపు దగ్గర్నుంచి నడిచి వచ్చాడు. నిచ్చెన మొదట్లో నిలబడ్డాడు. మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత ఆ కాలు తీసి నేల మీద పెట్టాడు.

నొప్పిలోనే లోవరాజుకు నవ్వొచ్చింది. చచ్చినా ఎక్కడు వీడు, అనుకున్నాడు. ఆ తర్వాత కళ్ళ ముందు చుక్కలు కదిలాయి. చెమటలు పట్టి, చలేసింది. పడుకుంటే బాగుండుననిపించింది. బెల్టు ఉంది కదా, వేలాడితే వేలాడదాం, అనుకుంటూ మోకాళ్ళు వదులు చేశాడు. ఒంటి బరువంతా ఇరుక్కున్న చేతి మీదకి జారసాగింది.

"ఒరేయ్ లోవరాజూ!"

ఎవరి గొంతో అతనికి తెలియలేదు. ఆ గొంతు అతనెప్పుడూ అంత పెద్దగా వినలేదు.

"నిద్రపోతన్నావేంట్రా? అత్తోరి మంచమనుకున్నావా అది? లెగు ముందు!"

లోవరాజు కళ్ళు తెరిచాడు. నిచ్చెన మొదట్లో బుల్లియ్య, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"పైపులు కట్టడం చేతకాని ఎదవ్వి, నువ్వు టాప్‌మ్యాన్‌వంట్రా! మా ఇంట్లో మేకని కట్టమన్నా నీకంటే బాగా కడతారు!"

లోవరాజు మోకాళ్ళు బిగుసుకున్నాయి. ఒరేయ్ అంటున్నాడా? బుల్లియ్యా? తననా?

"నువ్వెక్కుతుంటే రోజూ చూసి నవ్వుకునేవాణ్ణిరా! మెట్టు మెట్టుకీ కిందకి చూస్తావు, ఎవరన్నా చూస్తన్నారా లేదా అని! పనోడు పనికేసి చూస్తాడ్రా. నువ్వు జనాన్ని చూస్తావు! సర్కస్‌లో చేరాల్సినోడివి, దారి తప్పి ఇటొచ్చావు!"

"నోర్ముయ్!" అని అరిచాడు లోవరాజు. అరవగానే ఊపిరి ఆడింది.

"ముయ్యను! తొమ్మిదేళ్ళు మూసుకున్నాను, చాలు! మా ఆవిడ తెల్లారకుండా లేచి వండిన పులుసురా అది! నీ మూలంగా కుక్క తింది. ఆ కుక్కకున్నపాటి బుద్ధి నీకు లేదు. అది గట్టెక్కి మొరుగుద్ది గానీ, పక్కోడి కూడు పట్టుకెళ్ళి గోపురం మీద పెట్టదు!"

కింద ఎవరూ కదల్లేదు. ఫణీంద్ర ఏదో అనబోతే చలపతి అతని చెయ్యి పట్టి ఆపాడు.

"దిగొచ్చానంటే నీ పళ్ళు రాలగొడతాను!" లోవరాజు గొంతు చీలిపోయింది. అవమానంతో చెవులు వేడెక్కాయి. చలి ఎటు పోయిందో తెలియలేదు.

"దిగు మరి! దిగి రాలగొట్టు! నేనెక్కడికి పోతాను, పైకి రానుగా! నీ కుడిచెయ్యి బానే ఉందిగా, దాన్ని ఎవరికన్నా అద్దెకిచ్చావా? నీ పక్కన వించి కొక్కెం వేలాడతంది, కనపడట్లేదా? దాన్ని లాక్కోరా ఎదవా!"

సామాన్లు పైకి పంపడానికి వాడే, ఇంజన్లు ఆగినా పీపాలో నిల్వ ఉన్న గాలితో నడిచే చిన్న వించి తాడు, దాని కొక్కెం, నిజంగానే అతని భుజానికి బారెడు దూరంలో ఊగుతోంది. అతను రోజూ చూసేదే. ఆ క్షణం దాకా అది అక్కడ ఉన్నట్టే తోచలేదు. కుడిచెయ్యి చాపాడు. అందలేదు. గాలి దాన్ని ఇటు తోసినప్పుడు మళ్ళీ చాపాడు. అందింది.

"అందిందా? నీకే అందిందంటే చిన్నపిల్లలకి కూడా అందుద్ది! ఇప్పుడు నీ తాడు పైపుకి చుట్టు! ముడి వెయ్యడం వచ్చా, అది కూడా మేకని చూసి నేర్చుకుంటావా?"

లోవరాజు తిడుతూనే తాడు చుట్టాడు. బుల్లియ్య తల్లినీ తండ్రినీ అంబాజీపేటనీ, ఆ ఊళ్ళో పండే ప్రతి కొబ్బరికాయనీ తిట్టాడు. ఒక కొసను పళ్ళతో పట్టుకుని, ఇంకో కొసను చేత్తో తిప్పి ముడి బిగించాడు. కొక్కెం తగిలించాడు.

బుల్లియ్య వెళ్ళి వించి మీట పట్టుకున్నాడు. ఇప్పుడు తిట్టడం లేదు. తల పైకెత్తి, కళ్ళు ఆర్పకుండా, మీటను గోరంత కదిపాడు. తాడు బిగిసింది. ఇంకో గోరంత. పైపు ఊగి, చేతి మీద నుంచి లేచింది. లోవరాజు చెయ్యి లాక్కున్నాడు. దాన్ని చూడకుండా చొక్కాలో దోపుకున్నాడు.

దిగడం ఎక్కడం కంటే కష్టమైంది. సగంలో ఇరుక్కున్న ఏసుపాదం అప్పుడు పనికొచ్చాడు. పైనుంచి వస్తున్న కాళ్ళను ఒక్కో మెట్టు మీద పెడుతూ, తన వీపుతో ఆపుతూ, తనూ దిగాడు. వాన మొదలైంది. నేల మీద కాలు పెట్టగానే లోవరాజు ఎవరినీ చూడలేదు. నేరుగా బుల్లియ్య దగ్గరకు నడిచి, కుడి పిడికిలి ఎత్తాడు. పిడికిలి బుల్లియ్య మొహం దాకా వెళ్ళకముందే కాళ్ళు మడతపడ్డాయి. బుల్లియ్య పట్టుకోలేదు, ఒక అడుగు పక్కకి జరిగాడు. పట్టుకున్నది చలపతి.

భీమవరం ఆసుపత్రిలో రెండు వేళ్ళు తీసేశారు. చిటికెన వేలూ, దాని పక్కదీ. వానలు తగ్గిన రోజు బుల్లియ్య చూడటానికి వచ్చాడు. చేతిలో పండ్లూ లేవు, కాఫీ ఫ్లాస్కూ లేదు. బస్సులో నిలబడి వచ్చానని విసుక్కుంటూ స్టూలు మీద కూర్చున్నాడు. లోవరాజు భార్య అమ్మాజీ అతని కాళ్ళకు దణ్ణం పెట్టబోయింది.

"మీరు దేవుడండి బాబాయ్ గారూ. ఈయన స్పృహ తప్పకుండా ఉండాలని, కోపం తెప్పించడానికి అలా తిట్టారంటగా. ఫణీంద్రగారు చెప్పారండి. ఎంత తెలివండీ మీది!"

బుల్లియ్య కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. "ఆయ్" అన్నాడు, ఎటో చూస్తూ.

ఆమె మందుల చీటీ పట్టుకుని బయటికి వెళ్ళింది. ఫణీంద్ర చెప్పిన మాట లోవరాజుకూ వినపడింది. ఆ మాట నిజమైతే బుల్లియ్యకు దణ్ణం పెట్టాలి. దణ్ణం పెట్టడం అతనికి ఇష్టం లేదు. కానీ ఆ మాట అబద్ధమైతే ఇంకా కష్టంగా ఉంటుందని కూడా అనిపించింది.

"నేను పడిపోకుండా ఉండాలనే తిట్టావా?" అని అడిగాడు.

బుల్లియ్య స్టూలు ముందుకు జరుపుకున్నాడు. "మొదటి తిట్టు అందుకే" అన్నాడు. "నువ్వు జారిపోతన్నట్టు కనపడింది. ఏదో ఒకటి అరవాలి కదా అని అరిచాను."

"మిగతావి?"

"మిగతావి నావే. ఒక్కటి కూడా అబద్ధం కాదు. మొదలెట్టాక ఆపబుద్ధి కాలేదు."

లోవరాజు మొహం అటు తిప్పుకున్నాడు. "పో ఇక్కణ్ణుంచి."

"పోతాను. బస్సు టైమవలేదు" అని బుల్లియ్య అక్కడే కూర్చున్నాడు. వెళ్ళేటప్పుడు కిటికీ తలుపు గాలికి కొట్టుకుంటుంటే దాన్ని వేసి, గొళ్ళెం పెట్టి వెళ్ళాడు.

చెయ్యి మానాక లోవరాజు పనిలోకి వచ్చేసరికి రిగ్గును విప్పి గోదావరి దాటించి, కోనసీమలో కొబ్బరితోటల మధ్య నిలబెట్టారు. మంకీ బోర్డు మీదకి పల్లంరాజు అనే కొత్త మనిషి వచ్చాడు. పైన పనికి ఇక పనికిరాడని డాక్టరు రాశాడు కాబట్టి లోవరాజును బస్తాల దగ్గర వేశారు. తనకు ఇంతకంటే నీచమైన పని ఈ భూమ్మీద లేదని అతను రోజూ అనేవాడు. బుల్లియ్య వినేవాడు. ఉన్న బస్తాల్లో సగం అతని వైపు తోసేవాడు, వేళ్ళు పోయాయన్న జాలి చూపించలేదు. ఇద్దరికీ ఏ విషయంలోనూ పడేది కాదు. బీడీ మంచిదా, చుట్ట మంచిదా అన్న దగ్గర్నుంచి, అమలాపురం బస్సు ఏ రేవు దగ్గర ఆగుతుందన్న దాకా. వాళ్ళ పక్కన కూర్చుని అన్నం తినలేమని మిగతావాళ్ళు పంపు అవతలికి పోయేవారు.

ఒకరోజు పైపులు పైకి లాగుతున్నారు. గాలి లేదు. ఎండ బాగా కాస్తోంది. లోవరాజు బస్తా మూతి విప్పుతూ అడిగాడు.

"బాబాయ్, నువ్వు దిగిపోయిన రోజు అసలేమైంది?"

ఇన్నేళ్ళలో ఆ మాట అతను ఎప్పుడూ అడగలేదు. వెక్కిరించడానికి కారణంతో పని లేకపోయింది.

"ఏం కాలేదు" అన్నాడు బుల్లియ్య. "ఇలాంటి రోజే. గాలి లేదు, వాన లేదు. కొండి వచ్చింది. గొళ్ళెం విప్పడానికి వంగుదామనుకున్నాను. ఒళ్ళు వంగలేదు. కిందకి చూస్తే పెళ్ళాం పిల్లలు కళ్ళ ముందు కనపడ్డారని ఎవరన్నా చెబితే నమ్మకు. నాకెవరూ కనపడలేదు. ఊరికే భయం వేసింది. కాసేపాగి పోద్దేమో అని చూశాను. పోలేదు. దిగిపోయాను."

"అంతేనా?"

"అంతే."

ఇంకేదో ఉంటుందని లోవరాజు అనుకున్నాడు. తెగిన తాడో, పక్కన చచ్చిపోయిన మనిషో, ఏదో ఒకటి. ఏమీ లేకపోయేసరికి నోటి దాకా ఒక మాట వచ్చింది, అలవాటైన మాటే. అనబోతూ తల పైకెత్తాడు. తొంభై అడుగుల పైన పల్లంరాజు బెల్టు మీద బరువు వేసి, ఉత్త గాల్లోకి, పైపు వైపు వాలుతున్నాడు. లోవరాజుకు అరికాళ్ళు జివ్వుమన్నాయి. నేల మీద కూర్చుని ఉండి కూడా, లేని వేళ్ళతో సహా ఎడమచేత్తో బస్తాను గట్టిగా పట్టుకున్నాడు. వచ్చిన మాట ఎటో పోయింది.

కళ్ళు దించాక, "ఆ కత్తి ఇటియ్యి" అన్నాడు.

"నీ మోకాలి దగ్గరే ఉంది. వేళ్ళు పోయాయిగానీ కళ్ళు పోలేదుగా" అన్నాడు బుల్లియ్య.

లోవరాజు అతన్ని ఒక బూతు మాట తిట్టి, కత్తి తీసుకుని, బస్తా మూతి కోశాడు. ఇద్దరూ చెరోవైపు పట్టి దాన్ని తొట్టిలోకి వంచారు.